దుబాయ్‌లో భర్తకు పక్షవాతం: పొలం అమ్మాలా, మిత్తికి తేవాలా?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. మా ఆయన ఆరేళ్లుగా దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పనిచేస్తున్నాడు. బేసిక్ జీతం 1,200 దిర్హమ్‌లు. వారం క్రితం పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరాడు. బిల్లుకు నాలుగు లక్షలు పంపమని, రాజీనామా మీద సంతకం పెడితే ఇంటికి పంపిస్తామని కంపెనీవాళ్లు అంటున్నారు. ఉన్న అరెకరం అమ్మాలా? రెండు రూపాయల మిత్తికి తేవాలా?

జవాబు: అమ్మా, ఇప్పుడే ఆ రెండూ చేయవద్దు. అన్నిటికంటే ముందు, ఆయన పక్కనున్న దోస్తుకు ఫోన్ చేసి, ఏ కాగితం మీదా సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టించనివ్వొద్దని చెప్పండి. ఉద్యోగం పోయి వీసా రద్దయితే దాంతోపాటు ఇన్సూరెన్స్ కూడా ఆగిపోతుంది. మీకు ఇప్పుడున్న పెద్ద అండ అదే.

దుబాయ్‌లో 2013 నాటి చట్టం ప్రకారం ప్రతి కార్మికుడికి కంపెనీయే సొంత ఖర్చుతో ఆరోగ్య బీమా చేయించాలి. కార్మికులకు ఇచ్చే బేసిక్ పాలసీలో కూడా ఏడాదికి 1,50,000 దిర్హమ్‌ల దాకా వైద్యం ఉంటుంది. అడ్మిట్ అయితే బిల్లులో 20 శాతం మనం కట్టాలి, కానీ అది ఒకసారికి 500, ఏడాది మొత్తానికి 1,000 దిర్హమ్‌లు దాటకూడదు. మరి నాలుగు లక్షలు ఎక్కడినుంచి వచ్చాయి? పరిమితి దాటిందా, బీమా కంపెనీ ఒప్పుకోలేదా, అసలు బీమానే చేయించలేదా? ఆ కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. బీమా చేయించకపోతే ఎమర్జెన్సీ వైద్యం ఖర్చు కంపెనీ మీదే పడుతుంది. కారణం చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

సిక్ లీవ్ ఏడాదికి 90 రోజులు ఆయన హక్కు. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగతా 45 రోజులకు జీతం ఉండదు. సిక్ లీవ్‌లో ఉండగా తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. డాక్టర్ రిపోర్టు కంపెనీకి చేరిందో లేదో మాత్రం చూసుకోండి. నెలన్నర తర్వాత ఇంటికి పైసలు రావన్న లెక్కతోనే పిల్లల ఫీజులు, కిస్తీలు సర్దుకోవాలి.

చివరికి ఆయన ఇంటికి వచ్చేటప్పుడు గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు పనిచేసిన ఏళ్లను బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు రావాలి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులు. ఆరేళ్లు నిండితే సుమారు 5,400 దిర్హమ్‌లు, అంటే లక్ష రూపాయలపైనే. చాలా కుటుంబాలు ఆ కంగారులో దీన్ని అడగడమే మర్చిపోతాయి, నాకు బాధనిపించేది అదే.

కంపెనీ మొండికేస్తే దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌కు చెప్పండి, విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం భారత ప్రభుత్వం నడిపే ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. దిక్కులేని స్థితిలో ఉన్నవాళ్ల వైద్యానికి, తిరుగు ప్రయాణానికి సాయం చేసే సంక్షేమ నిధి కాన్సులేట్ దగ్గర ఉంటుంది. వెళ్లేటప్పుడు చేసిన ప్రవాసీ భారతీయ బీమా రెండు మూడేళ్లకే ముగుస్తుంది. మధ్యలో రెన్యూవల్ చేయించారేమో పాత కాగితాలు వెతకండి.

ఇన్ని చేశాక కూడా డబ్బు తక్కువైతే, ముందు బంగారం బ్యాంకులో పెట్టండి, లేదా మహిళా సంఘం లోన్ అడగండి. పాడకుండా ఉన్న చిట్టీ ఉంటే ఇప్పుడు ఎత్తుకోవచ్చు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, నాలుగు లక్షల మీద ఏటా 96 వేలు. ఆయన మళ్లీ పనికి వెళ్లేది ఎప్పుడో తెలియనప్పుడు అంత భారం ఎత్తుకోవద్దు. పొలం జోలికి అసలే పోవద్దు.

ఇంకొక పని ఇప్పుడే మొదలుపెట్టండి. మీ రేషన్ కార్డులో ఆయన పేరు ఉందో లేదో చూడండి. గల్ఫ్‌లో ఉండి ఈకేవైసీ చేయించుకోలేనివాళ్ల పేర్ల విషయంలో ఇబ్బందులు వస్తున్నాయి. పేరుంటే ఇక్కడికి వచ్చాక ఆరోగ్యశ్రీలో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల దాకా వైద్యం ఉంది. అక్కడినుంచి బయలుదేరేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, స్కానింగ్ సీడీలు ఆయనతోపాటు పంపించమని దోస్తుకు గుర్తుచేయండి.