వాగ్దానం కార్డు వచ్చింది, నెమ్మది రాలేదు

ప్రశ్న: నా భర్త నవంబరులో చనిపోయారు. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో, కొత్త ఏడాదికి వాగ్దానంగా తీసుకునే వచనం కార్డు మీద నాకు యిర్మీయా 29:11 వచ్చింది: మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అని దేవుడు చెప్పిన మాట. చదివితే ఏడుపే వస్తోంది. ప్రార్థన సాగట్లేదు. బైబిలు ఏడాదిలో పూర్తిచేస్తానని మొదలుపెట్టి ఆపేశాను. నా విశ్వాసం పోయినట్టేనా? – ఒక సోదరి, ఏలూరు

జవాబు: పోలేదమ్మా. పోయుంటే ఈ ఉత్తరమే రాసేవారు కాదు.

ఆ కార్డు మీద ఒక్క వచనమే ఉంటుంది, చిక్కంతా అక్కడే. పైనున్న 10వ వచనం చూడండి: బబులోనులో 70 ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానన్నాడు దేవుడు. అది బబులోనుకు చెరగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటుంది 5వ వచనం. జనవరిలోనే దుఃఖం తీరాలన్న గడువు అందులో లేదు.

ప్రార్థనకు మాటలు రాకపోతే 13వ కీర్తన పైకి చదవండి. ఆరే వచనాలు. మొదటి రెండూ ‘ఎన్నాళ్లు, ఎంతవరకు’ అన్న నిలదీతే, తర్వాతి రెండూ మొర, చివరి రెండూ నమ్మిక. ఆ చివరివి నోరు దాటకపోతే నాలుగో వచనం దగ్గరే ఆపేయండి, తప్పేం లేదు. 88వ కీర్తనైతే చీకటితోనే ముగుస్తుంది.

ఏడాది ప్రణాళిక పక్కన పెట్టండి. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు చొప్పున ఆదికాండం నుంచి మొదలెడితే జనవరి 31కి బలుల నియమాలతో నిండిన లేవీయకాండం తగులుతుంది. మామూలు రోజుల్లోనే చాలామంది జారుకునేది అక్కడే. పది రోజులు తప్పితే 30 అధ్యాయాల బాకీ. రోజుకొక కీర్తన చాలు, ఐదు నెలల్లో 150 అవుతాయి. తప్పిన రోజును వదిలేయండి.

ప్రార్థన కోసం ఉపవాసం ఉండాలనిపించినా, షుగరు మందులు వాడుతుంటే డాక్టరును అడగకుండా వద్దు. నిద్ర, తిండి వారాల తరబడి చెడితే మాత్రం పాస్టరుగారితో పాటు డాక్టరునూ కలవండి.