దడ తగ్గిందని మాత్ర ఆపకు బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన రిపోర్టు చూశాను. థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే టీఎస్‌హెచ్ అట్టడుగున, ఆ గ్రంథి తయారుచేసే హార్మోన్లు టీ3, టీ4 రెండూ ఆకాశంలో. థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బని డాక్టరు అన్నారట. నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాకు వచ్చిందీ అదే. డాక్టరు చెప్పినవి నేను మళ్లీ చెప్పను. ఆయన గదిలోంచి బయటికొచ్చాక ఇంట్లో, వీధిలో ఎదురయ్యేవే రాస్తున్నాను.

మొదట ఇరుగుపొరుగు సంగతి. దేవరకొండలో ఎవరిని కదిలించినా నాకూ థైరాయిడే అంటారు. చాలామందిది గ్రంథి మందగించిన రకం. ఒళ్లు వస్తుంది, మత్తుగా ఉంటుంది, చలి ఆగదు. నీది దానికి పూర్తిగా ఎదురు. తిన్నది తిన్నట్టే కరిగిపోతుంది, చెమటలు, దడ, నిద్ర రాదు. వాళ్లు పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్రలో ఉండేది హార్మోనే. నీలో అది ఇప్పటికే పొంగిపొర్లుతోంది. ‘ఆమె దగ్గర స్ట్రిప్పు ఉంది, ఈ నెలకు సర్దుకో’ అని మీ అత్తమ్మ ప్రేమగా అన్నా సరే, దండం పెట్టి వద్దను. మెడికల్ షాపులో కూడా చీటీ పక్కన పెట్టుకుని స్ట్రిప్పు మీద పేరు, అంకె చదువుకో. హార్మోనును తగ్గించే నీ మాత్ర కార్బిమజోల్‌లో 5, 10, 20 మిల్లీగ్రాములవి ఉంటాయి. 10 రాస్తే 20 ఇచ్చి సగం చేసుకోమంటే, డాక్టరుకు ఫోన్ చేసి అడిగాకే తీసుకో.

మాత్ర వేసుకున్న మర్నాడే తేడా కనపడదు. కొత్త హార్మోను తయారు కాకుండా అది ఆపుతుంది గానీ, గ్రంథిలో అప్పటికే నిల్వ ఉన్నది అయిపోవాలి కదా. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. ఈలోగా దడకు, చేతుల వణుకుకు ప్రొప్రనలాల్ ఇస్తారు. చిన్నప్పుడు నీకు ఉబ్బసం ఉండేది, ఆ మాట డాక్టరుకు చెప్పావా? చెప్పకపోతే ఈ రోజే చెప్పు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ మాత్ర పడదు.

వణుకు తగ్గుతోందో లేదో తెలియాలంటే ముగ్గు వేసి చూడు. నాకప్పుడు చుక్కలు సరిగ్గానే పడేవి. గీత కలిపేటప్పుడే పిండి రాలి పక్కకు పోయేది. వాకిట్లో గీత తిన్నగా వచ్చిన రోజు మందు పనిచేస్తోందని నాకు నమ్మకం కలిగింది. పొద్దున మంచం దిగకముందే మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నాడి లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాయి. వారానికోసారి బరువు కూడా. డాక్టరుకు ఆ కాగితం చూపిస్తే సగం ప్రశ్నలు తప్పుతాయి.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించు. కార్బిమజోల్ వల్ల బహు కొద్దిమందికి రక్తంలో తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. జ్వరం, గొంతు నొప్పి, నోట్లో పుండ్లు, ఇవీ గుర్తులు. మనకేమో జ్వరం రాగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని పడుకోవడం అలవాటు. నీ విషయంలో అది కుదరదు. గొంతు నొప్పితో జ్వరం వచ్చిందంటే మాత్ర ఆపి, అదే రోజు సీబీసీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష చేయించాలి. కణాలు బాగున్నాయని డాక్టరు చెప్పాకే మళ్లీ మొదలుపెట్టాలి. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వచ్చినా కూడా అంతే, ఆగకుండా వెళ్లాలి. జ్వరం బాగా ఎక్కి, గుండె విపరీతంగా కొట్టుకుంటూ, మాట తడబడుతుంటే 108కి ఫోన్ చేయమను.

రెండో నెలకల్లా నువ్వు కాస్త నిండుగా కనిపిస్తావు, నిద్ర పడుతుంది. మనవాళ్లు మందు మానేసేది సరిగ్గా అప్పుడే. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా వాడాల్సిన మందు ఇది. అంతా వాడి, డాక్టరు చెప్పాక ఆపినా దాదాపు సగం మందికి తిరిగి వస్తుంది. మధ్యలో మానేస్తే ఇక చెప్పేదేముంది. ఇంకో మాట, టీ4 దారిలోకి వచ్చినా టీఎస్‌హెచ్ కొన్ని నెలల పాటు అడుగునే ఉండిపోవచ్చు. అది చూసి దిగులు పడకు, డోసు నువ్వు పెంచుకోకు.

పరీక్షలకు ప్రైవేటు ల్యాబుల చుట్టూ డబ్బు పోయనక్కర్లేదు. సర్కారు దవాఖానాలో డాక్టరు రాస్తే నల్గొండ డయాగ్నొస్టిక్ హబ్‌కు శాంపిల్ పంపి ఉచితంగా చేస్తారు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నావేమో, అవి టెస్టు అంకెలనే తారుమారు చేస్తాయి. రక్తం ఇవ్వడానికి రెండు మూడు రోజుల ముందే ఆపు. అశ్వగంధ పొడి, సముద్రపు నాచు మాత్రలు ఎవరిచ్చినా ముట్టకు. మామూలు అయోడిన్ ఉప్పుతో వంట చేసుకో, జొన్నరొట్టె, పెరుగు, పప్పు కడుపునిండా తిను.

మీ మామయ్య ఇదంతా మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే అంటున్నారట. మన జిల్లాలో ఏ జబ్బునైనా ఫ్లోరైడ్ మీదికి తోసేయడం అలవాటైపోయింది, తప్పు పట్టను. కానీ గ్రేవ్స్ మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున గ్రంథిని రెచ్చగొట్టడం వల్ల వస్తుంది. నీళ్లు మార్చితే తగ్గదు. ఆయన చేయగలిగిన మేలు ఒకటుంది, ఇంట్లో బీడీ కాల్చకపోవడం. ఆ పొగ ఈ జబ్బులో కళ్లకు చెరుపు. కళ్లలో ఇసుక పడ్డట్టున్నా, ఒకటి రెండుగా కనపడినా కంటి డాక్టరును కలువు.

కోపం, ఏడుపు నీ గుణం కాదు, హార్మోను పని. మీ ఆయనను ఒకసారి డాక్టరు దగ్గర కూర్చోబెట్టు, డాక్టరు నోటే వినిపించు. ఇంట్లో దిష్టి తీస్తామంటే తీయనీ, అందులో నష్టం లేదు. ఎండాకాలం మాత్రం జాగ్రత్త. మన దగ్గర 45 డిగ్రీలు దాటే రోజుల్లో నీకు ఇంకా వేడిగా అనిపిస్తుంది, మధ్యాహ్నం పొలానికి పోకు.

రెండో బిడ్డ ఆలోచన ఉంటే ముందే డాక్టరుకు చెప్పు. గర్భం తొలి నెలల్లో కార్బిమజోల్ కడుపులోని బిడ్డకు మంచిది కాదు, మందు మారుస్తారు. నెల తప్పిందని అనుమానం వచ్చినా అదే రోజు ఫోన్ చేయి. జబ్బు మళ్లీ తిరగబెడితే గ్రంథి జోరు తగ్గించే రేడియో అయోడిన్ మందు అంటారు, హైదరాబాద్ నిమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. అది తీసుకుంటే ఆరు నెలల దాకా గర్భం వద్దు, కొన్ని రోజులు చిన్నదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకోకూడదు. తర్వాత చాలామందికి గ్రంథి మందగించి, జీవితాంతం థైరాక్సిన్ అనే హార్మోను మాత్ర తప్పదు. నేను ఇప్పుడు రోజూ వేసుకునేది అదే, దానితో నాకు ఏ ఇబ్బందీ లేదు.

నాలుగైదు వారాల్లో రెండో టెస్టు ఉంటుంది. రాగానే ఫోటో తీసి పంపు, పక్కన నాడి అంకెలు కూడా రాయి.

మీ పెద్దమ్మ,
మిర్యాలగూడ