అత్తయ్య గారు ఉన్నట్టుండి మారిపోయారు

ప్రశ్న: మా అత్తయ్య గారికి 72 ఏళ్లు. చాలాకాలంగా బీపీ, షుగర్ ఉన్నాయి. పోయిన ఆదివారం దాకా పూజ, వంట, సీరియళ్లు అన్నీ మామూలే. సోమవారం సాయంత్రం నుంచి మనిషే మారిపోయారు. బీరువాలో గాజులు నేనే తీశానంటున్నారు. ఎన్నడూ గొంతు పెంచని ఆవిడ మనవడి మీద చెయ్యెత్తారు. రాత్రిపూట వాకిట్లో ఎవరో నిలబడ్డారని భయపడతారు, తెల్లారేసరికి బాగానే ఉంటారు. మూడు వారాల కిందట కాళ్ల వాపులకని నీటి మాత్ర కలిపిన బీపీ మందు రాశారు. వయసు మీద పడి వచ్చిన చాదస్తమని మావారు, గాలి సోకిందని పక్కింటివాళ్లు అంటున్నారు. మానసిక వైద్యుడికి చూపించాలా?
– ఓ కోడలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందు చూపించాల్సింది జనరల్ ఫిజీషియన్‌కి. రాత్రి అయిపోతే క్యాజువాలిటీకి వెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట ‘సోమవారం సాయంత్రం’. చాదస్తానికి తేదీ ఉండదు. మతిమరుపు జబ్బులు కూడా చాలావరకు నెలలు, ఏళ్లు పట్టి మెల్లగా ముదురుతాయి. ఫలానా పూట నుంచి అని చెప్పగలిగిన మార్పు, అదీ పొద్దున తగ్గి పొద్దువాలాక పెరిగేదైతే, ఒంట్లో ఏదో జబ్బు మెదడు దాకా వచ్చిందనే అనుమానించాలి. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. జ్వరం తీవ్రమైనప్పుడు మన పెద్దలు ‘సంధి ప్రేలాపన’ అనేది ఇదే. పెద్ద వయసులో అది జ్వరం లేకుండా కూడా వస్తుంది. లోపల ఇన్ఫెక్షన్ ముదిరినా ఒళ్లు వెచ్చబడకపోవచ్చు.

మా మొదటి అనుమానం ఆ కొత్త మాత్ర మీదే. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి నీటి మాత్రలు కొందరు పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే రక్తంలో సోడియం తగ్గిస్తాయి. అది 135 నుంచి 145 మధ్య ఉండాలి. 125 కిందికి పడితే తికమక, తూలడం, మగత, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. అలాగని ఇంట్లో ఉప్పునీళ్లు తాగించకండి. సోడియం మరీ త్వరగా పెరిగినా మెదడుకు దెబ్బే, అందుకే ఆసుపత్రిలో గంటల లెక్కన కొలుస్తూ పెంచుతారు. కొందరికి నీళ్లు తగ్గించాల్సి వస్తుంది కూడా. కాబట్టి రిపోర్టు రాకముందు ‘ఎండ దెబ్బేమో’ అని బిందెలకొద్దీ నీళ్లు పట్టించొద్దు. దాహమేస్తే ఇవ్వండి, చాలు.

రెండో అనుమానం షుగర్ పడిపోవడం. ఇది ఇప్పుడే, ఇంట్లోనే తేలుతుంది. గ్లూకోమీటరుంటే వేలికి గుచ్చి చూడండి. 70 కంటే తక్కువుంటే, మెలకువగా ఉండి మింగగలుగుతుంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వాడేవారికి షుగర్ ఒకసారి పెరిగినా కొన్ని గంటల్లో మళ్లీ పడిపోగలదు. అందుకని తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇవి కాక మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, మూత్రం బిగుసుకుపోవడం, రోజుల తరబడి మలబద్ధకం కారణం కావచ్చు. జలుబుకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర, దురదకు వేసుకున్న ఎవిల్ కూడా ఈ వయసులో మతి తప్పించగలవు. ఏళ్లుగా వేసుకుంటున్న నిద్రమాత్ర హఠాత్తుగా ఆపేసినా, మద్యం అలవాటున్నవారు మానేసినా, రెండు మూడు రోజుల్లో ఇలాగే అవుతుంది. ఇంట్లో సిగ్గుపడి దాచే సంగతులివి. డాక్టరుకు మాత్రం చెప్పి తీరాలి.

వెళ్లేటప్పుడు చీటీ ఒక్కటే చాలదు. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. చాలామంది పెద్దవాళ్లు డాక్టరు ముందు కూర్చోగానే చక్కగా మాట్లాడతారు. పగటి పూట ఓపీలో చూసిన వైద్యుడికి ‘బాగానే ఉన్నారుగా’ అనిపిస్తుంది. జబ్బు చేజారేది సరిగ్గా అక్కడే. రాత్రి ప్రవర్తనను ఫోనులో ఒక నిమిషం వీడియో తీసి చూపించండి. ‘ఆదివారం వరకు ఇలా లేరు, ఇది ఆవిడ స్వభావం కాదు’ అని తేదీతో చెప్పండి. ఇంకో చిన్న పరీక్ష: ఆదివారం నుంచి వెనక్కి వారాల పేర్లు చెప్పమనండి. మామూలుగా చెప్పగలిగే మనిషి మధ్యలో తప్పిపోతుంటే మనసు నిలవడం లేదని అర్థం, అదీ డాక్టరుకు చెప్పండి. షుగర్, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, రక్తకణాల పరీక్ష, మూత్ర పరీక్ష, ఈసీజీ, ఆక్సిజన్ ముందుగా చూస్తారు. అవసరాన్ని బట్టి ఛాతీ ఎక్స్‌రే, థైరాయిడ్, బీ12, తలకు సీటీ స్కాన్. ఒక మాట గుర్తుంచుకోండి. పెద్దవయసు ఆడవాళ్ల మూత్రంలో ఏ బాధా లేకుండానే బ్యాక్టీరియా కనబడటం మామూలు. మూత్ర పరీక్షలో అది రాగానే కారణం దొరికిందని ఆగిపోకుండా, సోడియం రిపోర్టు కూడా వచ్చిందా అని అడగండి.

నిద్ర పట్టడం లేదని ఇంట్లో ఉన్న ఆల్‌ప్రాజోలం ఇవ్వొద్దు. తికమక ఇంకా పెరుగుతుంది, పడిపోతారు.

గాజుల మాట మీకెంత నొప్పి కలిగించిందో ఊహించగలం. ‘నేనా దొంగని?’ అని వాదిస్తే ఆవిడ భయం రెట్టింపవుతుంది. ‘గాజులు కనబడక కంగారుగా ఉందా అత్తయ్యా, రండి, కలిసి వెతుకుదాం’ అనండి. వాకిట్లో మనిషి సంగతికి ‘అవును, ఉన్నాడు’ అనొద్దు, ‘ఎవరూ లేరు’ అని కసరనూ వద్దు. ‘నాకు కనబడటం లేదు గానీ మీకు భయంగా ఉంది కదా, నేనిక్కడే కూర్చుంటా’ అంటే సరిపోతుంది. ఒక్కరే మాట్లాడండి. పరామర్శకు వచ్చినవాళ్లను గదిలో గుంపుగా నిలబెట్టొద్దు. కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఆసుపత్రిలో కూడా పెట్టే ఉంచండి, అవి లేకపోతే సగం లోకం ఆవిడకు అందదు. పగలు కిటికీ తీసి వెలుతురు రానివ్వండి, రాత్రి చిన్న దీపం చాలు. ఇంటిమనిషి ఒకరు పక్కనుండాలి. చేతులు కట్టేయడం ఎవరైనా మొదలుపెడితే, మేము చూసుకుంటామని చెప్పండి. ఈ రోజుల్లో ఆస్తి కాగితాల మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకోవద్దు.

కారణం సరిచేశాక కొందరు రెండు మూడు రోజుల్లో, కొందరు వారాలకు తేరుకుంటారు. రెండు మూడు నెలలయ్యాక కూడా జ్ఞాపకశక్తి తగ్గినట్టుంటే మళ్లీ చూపించండి, అంతకుముందే మొదలైన మతిమరుపు జబ్బు ఇలా బయటపడుతుంటుంది.

ప్రశ్న: నాన్నగారికి 76. అమ్మతో గుంటూరులో ఉంటారు, నేను డల్లాస్‌లో ఉన్నాను. గుండెకు స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు. ఐదు వారాల కిందట బాత్రూంలో జారారు, తలకు చిన్న బొప్పి, అంతే. పది రోజులుగా అమ్మ మీద విసుక్కుంటున్నారు, పగలంతా నిద్ర, అడుగు ఈడుస్తున్నారట.

జవాబు: బాబూ, ఈ పూటే సీటీ స్కాన్ తీయించండి. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోయి, దాన్ని పుర్రెకు కలిపే సన్నని సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే ఒకటి చిట్లి, రక్తం చుక్కచుక్కగా వారాల తరబడి చేరుతుంది. రక్తం పలచబడే మందు వాడేవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. బొప్పి తగ్గి అందరూ మర్చిపోయాక తలనొప్పి, విసుగు, మగత, ఒకవైపు బలహీనత కనబడతాయి. స్కాన్ నిమిషాల పని. రక్తం ఎక్కువుంటే పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేస్తారు, ఈ వయసులోనూ చాలామంది బాగా కోలుకుంటారు. రక్తం పలచబడే మాత్ర మీరు ఆపకండి. స్టెంట్ సంగతి చెప్పి డాక్టరునే నిర్ణయించమనండి. అమ్మగారికి ఒక్కరికే ఇదంతా అప్పగించొద్దు, గుంటూరులో ఉన్న బంధువునో మిత్రుడినో ఇప్పుడే పంపండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉచితం. మాట తడబడినా, నోరు ఒకవైపు వంగినా, లేపినా లేవకపోయినా అది పనికి రాదు, 108కే చేయాలి.

ప్రశ్న: మా పెదనాన్నకు 58. రెండేళ్లుగా మెల్లగా మారారు. నలుగురిలో సంకోచం లేకుండా మాట్లాడతారు, స్వీట్లు డబ్బాలకొద్దీ తింటారు, పెద్దమ్మ ఏడుస్తున్నా పట్టించుకోరు. జ్ఞాపకశక్తి బాగుంది.

జవాబు: ఇది పై రెండింటి లాంటిది కాదు. మెదడు ముందు భాగం క్షీణించే ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా ఈ వయసులోనే ఎక్కువగా వస్తుంది, మొదట్లో జ్ఞాపకం చెదరదు కాబట్టి ఇంట్లోవాళ్లు పొగరనో, మొండితనమనో అనుకుంటారు. నిమ్స్ లాంటి ఆసుపత్రిలో న్యూరాలజిస్టుకు చూపించి ఎంఆర్ఐ తీయించండి. ఈలోగా బ్యాంకు ఖాతా, యూపీఐ మీద ఒక కన్నేసి ఉంచండి.