‘రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?’ అని అడిగితే సరైన లెక్క వస్తుందా?

తిరుపతి చుట్టుపక్కల ఇంటింటి సర్వే చేసి, జనం రోజుకు ఎంత దూరం ప్రయాణిస్తున్నారో తేల్చాలంటున్నారు. ఈ ఒక్క ప్రశ్న చాలునా అని అడిగారు. చాలదు. చంద్రగిరి, పాకాల వైపు ఇలాంటి సర్వేలకు రెండేళ్లు తిరిగాను. మొదటి వారం మా కాగితాల నిండా అయిదులు, పదులే. ఏడు కిలోమీటర్లు వెళ్లే మనిషే లేడు! పెద్దవాళ్లు ‘కూతవేటు దూరమేనమ్మా’ అనేవారు. ఆ కూతవేటు నడిస్తే అరగంట పట్టేది.

కిలోమీటర్లు అడగకండి. ఎక్కడికి వెళ్లారు, దేంట్లో వెళ్లారు, ఏ దారిన వెళ్లారు అని అడిగి, దూరం మీరే కొలుచుకోండి. దారి ముఖ్యం. అలిపిరి నుంచి తిరుమలకు పటంలో గీత గీస్తే ఘాట్ రోడ్డు దూరంలో సగం కూడా రాదు. 3,550 మెట్లెక్కి వెళ్లినవారి లెక్క మళ్లీ వేరు. మేము బస్సు ఛార్జీని బట్టి కూడా దూరం రాబట్టేవాళ్లం. 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు ప్రయాణానికి స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక ఆడవాళ్లకు చాలా బస్సుల్లో ఛార్జీ గుర్తుపెట్టుకునే పని లేదు. సున్నా టికెట్టు దాచి ఉంటే చూపించమనండి.

ఇక అసలు చిక్కు, ఒకరి గురించి ఇంకొకరు చెప్పడం. ఒక ఇంట్లో యజమాని తన ప్రయాణాలన్నీ చెప్పి, ‘మా ఆవిడ ఎక్కడికీ పోదు, ఇంటిపట్టునే ఉంటుంది’ అన్నాడు. నేను కొట్టం దగ్గర ఆమె పక్కన కూర్చుని, నిన్న నిద్ర లేచినప్పటి నుంచి చెప్పమన్నాను. చీకటితోనే పాల కేంద్రానికి, తర్వాత పాపను ఆటో ఎక్కించడానికి రోడ్డు దాకా, ఆపైన గడ్డికి, సాయంత్రం మళ్లీ పాలకు. భర్త వైపు చూసి, ‘మధ్యాహ్నం వేరుశనగ చేనికి మీకు అన్నం ఎవరు తెచ్చారు?’ అంది. ఆయన తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. అన్నీ కొలిస్తే దాదాపు ఆరు కిలోమీటర్లు, అంతా నడకే.

2011 జనాభా లెక్కల్లోనూ పనికి వెళ్లే దూరం అడిగారు కానీ, రైతులను, వ్యవసాయ కూలీలను, ఇంటి పరిశ్రమల్లో పనిచేసేవారిని వదిలేశారు. పైగా పాలు, గడ్డి, బడి అందులోకి రావు. 2019 కాల వినియోగ సర్వేలో ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి 24 గంటలను అరగంటల చొప్పున అడిగారు. అది సమయాన్ని కొలిచేదే అయినా, ఆ వరస మీకు బాగా పనికొస్తుంది.

ఫోనులో జీపీఎస్ పెడదామని అనుకోవచ్చు. చాలా ఇళ్లలో ఫోను పిల్లల చేతిలో ఉంటుంది, మనిషి చేనులో ఉంటుంది.

తిరుపతి బస్టాండు రద్దీ చూసి మీ లెక్క తక్కువైందని బెంగపడకండి. యాత్రికుల ఇళ్లు మీ జాబితాలో ఉండవు కదా. తాళం వేసిన ఇళ్లను మాత్రం జాబితా నుంచి తేలిగ్గా కొట్టేయకండి. తెల్లారకముందే కంపెనీ బస్సెక్కేవారు పగలు పదకొండుకు ఎలా దొరుకుతారు? ఎక్కువ దూరం తిరిగేవారే జారిపోతారు. రాత్రి ఏడున్నర దాటాక మళ్లీ వెళ్లండి. చేతిలో టార్చిలైటు ఉంచుకోండి, వీధి కుక్కలకు సర్వే అంటే గిట్టదు.