ముందు నిద్ర, తర్వాత రాజీనామా

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఇదివరకు హాయిగా చేసిన వ్యాయామమే ఇప్పుడు ఒళ్లు హూనం చేస్తోందని ఒక బాధ, ఇన్నేళ్లు జెండా మోసిన పార్టీని వదిలేయాలనిపిస్తోందని ఇంకో బాధ. నీ తొందరంతా రెండోదాని మీదే ఉంది. నేను మాత్రం మొదటిదానితో మొదలుపెడతాను. కంటి నిండా నిద్రలేని మనిషి రాసే రాజీనామా మీద నాకు నమ్మకం తక్కువ.

బద్ధకం పెరిగిందేమోనని నిన్ను నువ్వు తిట్టుకోకు. నెలసరి వరసగా 12 నెలలు రాకపోతే మెనోపాజ్ అంటారు. అంతకు ముందు కొన్నేళ్ల పాటు, అంటే నీ వయసులో, ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడుతూ లేస్తూ ఉంటుంది. కండరాల మరమ్మతుకు, కీళ్ల పటుత్వానికి, నిద్రకు కూడా దాని అవసరం ఉంది. అందుకే అవే గుంజీలు, అవే డంబెల్స్ అయినా, ఇదివరకు రెండో రోజుకు తగ్గే నొప్పి నాలుగో రోజుకీ వదలదు. దానికి తోడు అర్ధరాత్రి ఒళ్లంతా వేడి ఆవిర్లొచ్చి చెమటలు పట్టి లేచి కూర్చుంటే ఇక కోలుకునేదెప్పుడు?

అలాగని మానేయకు. ఎముకల బలం వేగంగా తగ్గేది ఈ కొన్నేళ్లలోనే, కాబట్టి బరువులెత్తడం ఇప్పుడే ఎక్కువ అవసరం. రోజులు తగ్గించు. బరువులు వారానికి రెండుసార్లు చాలు. ఒకసారి పని చెప్పిన కండరానికి మళ్లీ పని చెప్పేలోగా కనీసం 48 గంటలు వదిలెయ్. మిగతా రోజుల్లో మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో నడువు. ఆయాసపడి పరుగెత్తడం ప్రస్తుతానికి వారానికి ఒక్కసారి మించొద్దు.

పొద్దున్న మంచం దిగకముందే మణికట్టు మీద వేళ్లు పెట్టి, నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాసుకో. మామూలు కంటే 5 నుంచి 10 ఎక్కువగా ఉందా, మెట్లు దిగేటప్పుడు తొడలు పట్టేసి రెయిలింగ్ పట్టుకోవాల్సి వస్తోందా, ఆ రోజుకు నడక ఒక్కటే. ప్లాన్‌లో ఏం రాసుకున్నావన్నది పక్కన పెట్టు.

పొట్ట తగ్గాలని పూట తిండి మానేసి బరువులెత్తే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నువ్వూ ఆ బాపతే అని నా అనుమానం. ఈ వయసులో కండరానికి ప్రోటీన్ మునుపటి కంటే ఎక్కువ కావాలి. పూటకు 25 నుంచి 30 గ్రాములు అందేలా చూసుకో. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ని అడిగాకే. మధ్యాహ్నం దాటాక కాఫీ మానెయ్, పడుకునే గది చల్లగా ఉంచుకో.

ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించుకో. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతే ఐరన్ తగ్గి, ఆ నీరసాన్నే వయసు ఖాతాలో వేసేస్తాం. హార్మోన్ చికిత్స ఆవిర్లకు బాగా పనిచేస్తుంది, కానీ రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్లకు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకు సాధారణంగా ఇవ్వరు. అది నీకూ డాక్టరుకూ మధ్య తేలాల్సిన విషయం. నెలసరి ఏడాది పాటు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, వ్యాయామంలో ఛాతీ పట్టేసినట్టు అనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఆలస్యం చేయకు.

ఇక పార్టీ సంగతి. నిద్ర కాస్త కుదుటపడ్డాక రెండు కాగితాలు తీసుకో. పార్టీ తీసుకున్న ఏయే నిర్ణయాలు నీకు మింగుడు పడలేదో ఒకదాని మీద రాయి. ఎవరు అవమానించారో, ఏ పదవి దక్కలేదో రెండోదాని మీద. రెండోదే నిండితే నీ గొడవ మనుషులతో. అలాంటి మనుషులు కొత్త పార్టీలోనూ ఎదురొస్తారు. మొదటిది నిండి, అదంతా లోపల సమావేశాల్లో చెప్పి చూసినా ఎవరూ చెవిన పెట్టకపోతే నిక్షేపంగా బయటికి రా.

"ఈ వయసు ఆడవాళ్లకు చిరాకు ఎక్కువలే" అని నీ అభ్యంతరాన్ని ఎవరైనా కొట్టిపారేస్తే ఊరుకోకు. నీ కోపం ఉత్తిదని నేను ఆగమనడం లేదు. నిద్రపోయి రాస్తే అదే కోపం సూటిగా ఉంటుంది, నీ మాటను పక్కదారి పట్టించడం వాళ్లకు కష్టమవుతుంది.

వెళ్లేటప్పుడు నీతో తిరిగిన కార్యకర్తలకు ముందు నువ్వే చెప్పు, బయటి వాళ్ల నోట విననీయకు. లెక్కలు, సభ్యుల జాబితాలు అప్పగించు. లోపలి ముచ్చట్లు కొత్త చోటికి మోసుకుపోకు. గోడ దూకిందని ఎలాగూ అంటారు, అననీ. అదే రోజు ఇంకో కండువా కప్పుకోవాలని లేదు, కొన్నాళ్లు ఏ పార్టీ లేకుండా ఉండి చూడు.

నాడి లెక్కలు రాసి పంపు. రాజీనామా చిత్తుప్రతి కూడా పంపు, తారీఖు మాత్రం వేయకు.

మీ అక్క