మొక్కలు నాటడానికి ఇంత చదువెందుకు?

ప్రశ్న: బి.ఆర్క్ తర్వాత ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో, అంటే తోటలూ ఆరుబయలు స్థలాలూ రూపొందించే విద్యలో, ఎం.ఆర్క్ పూర్తిచేశాను. బెంగళూరులో ఒక చిన్న సంస్థ రమ్మంటోంది, కానీ జీతం తక్కువ. "మొక్కలు నాటడానికి ఇంత చదువెందుకు? ప్రభుత్వోద్యోగానికి ప్రయత్నించు" అంటున్నారు నాన్నగారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు మీ నాన్నగారి ప్రశ్న సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో ఇప్పుడు కడుతున్న పెద్ద అపార్ట్‌మెంట్లలో తోట చాలావరకు ఉండేది నేలమీద కాదు, సెల్లార్ పార్కింగ్ శ్లాబు మీద. తడిసిన మట్టి ఘనపు మీటరుకు రెండు టన్నుల దాకా తూగుతుంది. అక్కడ ఒక పొగడ చెట్టు ఎదగాలంటే దాదాపు మీటరు లోతు మట్టి పోయాలి. ఆ బరువు ఏ స్తంభం మీద పడాలి, నిలిచిన నీరు ఎటు దిగాలి అన్నది శ్లాబు పోయకముందే స్ట్రక్చరల్ ఇంజినీరుతో కూర్చుని తేల్చాల్సింది మీరే. పోశాక ఎవరూ ఏమీ చేయలేరు.

2014లో హుద్‌హుద్ తుపాను చెట్లను కూల్చేశాక విశాఖ రోడ్ల వెంట ఏడాకుల పాల విరివిగా నాటారు. త్వరగా పెరిగింది, నీడా ఇచ్చింది. కానీ పూత కాలంలో ఆ ఘాటుకు ఊపిరాడటం లేదని జనం మొరపెట్టుకున్నారు. నాటకముందే ఇలాంటివి అడిగే మనిషి ప్రతి పురపాలక సంఘంలోనూ ఉండాలని నా గట్టి కోరిక.

ఇక ఉద్యోగాలు. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు పర్యావరణ అనుమతి తప్పనిసరి కాబట్టి బిల్డర్లకూ, ఆ అనుమతి కోసం నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలకూ మీతో పని ఉంటుంది. చెరువుల పునరుద్ధరణ, గనుల తవ్వకం ముగిసిన నేలలను మళ్లీ పచ్చబరచడం కూడా మీ పనే. బోధన మీద మనసుంటే అదీ మంచి దారే. టౌన్ ప్లానింగ్ పోస్టులకు సాధారణంగా మీ ఎం.ఆర్క్ కన్నా బి.ఆర్క్ పట్టానో, ప్లానింగ్ పట్టానో ఎక్కువ అక్కరకొస్తుంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు తప్పక రాయండి, కానీ దానికోసం ఇంట్లో కూర్చోకండి.

చేరేలోపు కడియం వెళ్లి నర్సరీల్లో కొన్నాళ్లు తిరగండి. సంచి విప్పి వేళ్లు చూడటం నేర్చుకోండి. సంచిలోనే గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్లను సరిచేయకుండా నాటితే, ఆకులు ఎంత నిగనిగలాడినా ఆ చెట్టు పెద్ద గాలికి నిలవదు. ఇది కంప్యూటర్ తెరమీద కనిపించదు. మా ఆఫీసుకు వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో కూడా రంగుల బొమ్మలకన్నా ముందు నేను వెతికేది నేల ఎత్తుపల్లాలు, నీటి వాలు గీసిన షీటునే. చాలామంది దాన్ని పెట్టనే పెట్టరు. మీరు మొదటి పేజీలోనే పెట్టండి.

బెంగళూరు వెళ్లండి. తొలి రెండేళ్లు జీతం కన్నా పని ముఖ్యం, అయితే గది అద్దెకూ తిండికీ సరిపోయేంత అడగడానికి మొహమాటపడకండి. సైటుకు పంపుతారా అనీ అడగండి. డ్రాయింగులకే పరిమితం చేస్తామంటే మరో ఆఫీసు చూసుకోండి.