అన్నం తిన్నావా అని అడిగే దెయ్యం

తమ్ముడూ,

నువ్వు పంపిన గేమ్ కథ రెండుసార్లు చదివాను. ఒకసారి రాత్రి, ఇంకోసారి మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ. పట్టపగలు కూడా ఒకచోట ఒళ్ళు జలదరించింది. పాడుబడ్డ రైస్ మిల్లు, నేలంతా పరుచుకున్న తవుడు, దాని మీద చిన్నపిల్లాడి అడుగులు. అవి గోడ దాకా వెళ్ళి ఆగిపోతాయి. అక్కడ నువ్వు ఒక్క మాట కూడా ఎక్కువ రాయలేదు. శభాష్.

ఇక అసలు సంగతి. చివరి లెవెల్లో ముసలమ్మ ప్లేయర్‌ని కట్టేసి నాలుగు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడుతుంది. కొడుకు మిల్లు బెల్టులో పడి చనిపోయాడనీ, ఓనరు డబ్బిచ్చి నోరు మూయించాడనీ, అందుకే ఊళ్ళో పిల్లల్ని ఎత్తుకొస్తున్నాననీ. 'ఆమె మీద జాలి కలగాలని రాశానక్కా' అన్నావు. నాకు కలగలేదురా. కోర్టులో వకీలు తన క్లయింటు తరఫున చెబుతున్నట్టుంది. జాలి పడమని అడిగితే ఎవరు పడతారు?

నీకు తెలిసిన గేమ్‌తోనే చెబుతాను, రెసిడెంట్ ఈవిల్ 7 అనే హారర్ వీడియో గేమ్. 2017 జనవరిలో వచ్చింది. నేను ఆడలేదు, చూశాను. మా చెల్లెలి కొడుకు సంక్రాంతి సెలవుల్లో కంట్రోలర్ పట్టుకుని కూర్చుంటే, పక్కన జంతికల డబ్బా పెట్టుకుని 'ఆ తలుపు తియ్యకురా' అని అరవడం నా పని. వాడు తీసేవాడు. తియ్యకపోతే కథ నడవదుగా. (నువ్వు ఇంకా పూర్తి చేయకపోతే ఇక్కడే ఆపు. ముందు అది ఆడి, తర్వాత మిగతా ఉత్తరం చదువు.)

మూడేళ్ళుగా కనిపించని భార్య మియా నుంచి మెయిల్ వస్తే, ఈథన్ అనే మామూలు మనిషి ఆమెను వెతుక్కుంటూ అమెరికాలోని లూసియానాలో డల్వీ అనే చోటుకి వెళతాడు. అక్కడ బేకర్ కుటుంబం చేతిలో పడతాడు. ఆ భోజనాల సీన్ గుర్తుందా? బల్ల మీద కుళ్ళిన పేగుల్లాంటి తిండి. తండ్రి జాక్, తల్లి మార్గరీట్, కొడుకు లూకస్ పండగ భోజనానికి కూర్చున్నట్టు కూర్చుంటారు. తినలేదని అతిథి మీద విరుచుకుపడతారు. తండ్రి కత్తి తీసి కొడుకు చెయ్యి నరికేస్తాడు. కొడుకు విసుక్కుంటాడంతే. చూస్తున్నంతసేపూ మనకి వీళ్ళే రాక్షసులు. అదే బల్ల దగ్గర వీల్‌చైర్లో ఒక ముసలావిడ కూడా ఉంటుంది. ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఇల్లంతా తిరుగుతుంటే ఒకసారి నడవాలో, ఇంకోసారి మెట్ల దగ్గర, ఆవిడే. మనం పక్కనుంచి వెళ్ళిపోతాం. ప్రతి ఇంట్లోనూ ఎవరూ పట్టించుకోని ముసలివాళ్ళు ఒకరుంటారు కదా, అలాగే అనుకుంటాం.

ఆట చివరికొచ్చాక తెలుస్తుంది, ఆ ముసలావిడే ఎవెలిన్ అని. అందరి బుర్రల్లో దూరి ఆడిస్తున్నది ఆమే. నిజానికి ముసలిదీ కాదు, చిన్నపిల్ల. ఒక రహస్య సంస్థ ఆయుధంగా తయారుచేసిన పిల్ల. పదేళ్ళ పాపని ఎవరూ అనుమానించరు కాబట్టి ఆ రూపం ఇచ్చారు. ఒంట్లోని బూజు ద్వారా ఎదుటివాళ్ళ మనసు లొంగదీసుకోగలదు. క్రమం తప్పకుండా మందు అందకపోతే ఒళ్ళు వేగంగా ముసలిదైపోతుంది. 2014లో ఆమెను ఓడలో తరలిస్తుండగా ఓడ నాశనమైంది, మందు ఆగిపోయింది. మూడేళ్ళలో ముగ్గుబుట్టైపోయింది.

నువ్వు జాగ్రత్తగా చూడాల్సింది ఆ ఓడలో జరిగింది. ఎవరికీ అనుమానం రాకుండా, సంస్థ మనుషులు ఇద్దరు ఆమెకి తల్లిదండ్రుల్లా నటిస్తూ ప్రయాణం చేశారు. అందులో ఒకరు మియా. పెద్దవాళ్ళకి అది డ్యూటీ. ఒడ్డుకి చేరేదాకా ఆడాల్సిన నాటకం. ప్రయోగశాలలో పెరిగిన పిల్లకి మాత్రం 'అమ్మ' అన్న మాట చేతికందింది. మళ్ళీ వదల్లేదు. మియా అమ్మగా ఉండనంటే బలవంతంగా ఉంచాలని చూసింది. తర్వాత బేకర్లు దొరికితే వాళ్ళని కుటుంబంగా చేసుకుంది. అంటే ఆ కోరిక ఆమెకి ఎక్కడినుంచో ఊడిపడలేదు. పెద్దవాళ్ళు అవసరానికి ఆడిన అబద్ధాన్ని ఆ పిల్ల నిజమనుకుంది.

ఇది తెలిసిన క్షణంలో నాకు ఆ భోజనాల సీన్ మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. అందరూ ఒకే బల్ల దగ్గర ఎందుకు కూర్చున్నారు? ఎందుకంటే కుటుంబమంటే అలా కూర్చుంటుందని ఆమె అనుకుంది. తిండి కుళ్ళిపోయిందా, నోట్లో పెట్టుకోదగ్గదేనా అన్నది ఆమెకి తెలియదు. మనల్ని భయపెట్టిందీ, తర్వాత జాలి పుట్టించిందీ ఆ బల్లే. దీనికి ఉపన్యాసం అక్కర్లేకపోయింది. ఎవెలిన్ చిట్టచివర, తనని చంపడానికి ఈథన్ సూది గుచ్చినప్పుడు, అందరూ నన్నెందుకు అసహ్యించుకుంటారు అని అడుగుతుంది. అంతే. అప్పటికి మనకి అంతా తెలుసు కాబట్టి ఆ ఒక్క ప్రశ్న చాలు.

ఇంకొక చిన్న పని కూడా చేశారు. నువ్వు దాన్ని గమనించి ఉండకపోవచ్చు. జాక్, మార్గరీట్ ఇద్దరూ ఆమె గుప్పిట్లో ఉన్నవాళ్ళే. మధ్యలో ఒకచోట ఈథన్ మనసులో జాక్ మామూలు మనిషిలా కనిపించి, మేం హంతకులం కాదు, నా కుటుంబాన్ని విడిపించు అని బతిమాలుకుంటాడు. అదనంగా వచ్చిన ఒక భాగంలో ఇదంతా మొదలైన రాత్రిని చూపిస్తారు. తుపానులో దొరికిన పిల్లని జాక్ చేతుల మీద ఎత్తుకుని ఇంట్లోకి తెస్తాడు, తడిసిన పిల్లకి పొడి బట్టలు తెమ్మంటారు. ఆ మంచితనమే వాళ్ళ కొంప ముంచింది. కానీ లూకస్ సంగతి వేరు. వాడికి సంస్థవాళ్ళు రహస్యంగా మందిచ్చి ఆమె పట్టు వదిలించేశారు. పిచ్చి నటిస్తూ, సొంత బుద్ధితోనే మనుషుల్ని హింసిస్తాడు. చిన్నప్పుడే తోటి పిల్లాణ్ణి అటకమీద పెట్టి తాళమేసిన రకం, డైరీలో రాసుకున్నాడు కూడా. ఒకే ఇంట్లో ఒకడు ఏ సాకూ లేని దుర్మార్గుడు. వాడి పక్కన పెట్టి చూస్తే మిగతావాళ్ళ సాకు మనం నమ్ముతాం. నీ కథలో అందరూ పాపం దెబ్బతిన్నవాళ్ళే, ఓనరు కూడా అప్పులపాలై ఏడుస్తాడు. అందరి మీదా జాలి చూపిస్తే ముసలమ్మకి మిగిలేది ఎంత?

అలాగని ఎవెలిన్‌ని గేమ్ వదిలేయదు. ఆ ఇంట్లో ఎందరో చచ్చిపోయారు, ఆమెను చంపక తప్పదు. మావాడు ఆ సూది గుచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగాడు. 'గుచ్చాలా పెద్దమ్మా?' అన్నాడు. గుచ్చమన్నాను. తర్వాత జంతికలు తినబుద్ధి కాలేదు ఇద్దరికీ. నీ మొదటి డ్రాఫ్టులో ప్లేయర్ ఆమెను క్షమించి కౌగిలించుకునే ముగింపు ఉంది చూశావా, అది తీసెయ్. ఎత్తుకెళ్ళిన పిల్లల తల్లులు ఏమైపోవాలి?

మరి ఆ నాలుగు నిమిషాలు తీసేస్తే ఏం పెట్టాలి అంటావు. కొత్తగా ఏమీ వద్దు, నీ దగ్గరున్నదే వాడుకో. మూడో లెవెల్లో ఒకచోట ముసలమ్మ చీకట్లోంచి 'అన్నం తిన్నావా?' అంటుంది. నువ్వేదో భయపెట్టడానికి ఒకసారి వాడి వదిలేశావు. అది మనిళ్ళల్లో రోజూ వినే మాట. ఆమె చేత దాన్నే అడిగించు, మొదటి లెవెల్ నుంచి. తలుపు అవతల నుంచి, పైకప్పు మీద నుంచి, తరుముతూ కూడా. మిల్లులో ప్రతి గదిలోనూ ఒక స్టీలు కంచం పెట్టు, చిన్నది, అంచు సొట్టపోయింది. అందులో మొదట్లో పచ్చి బియ్యం, తర్వాత తవుడు, చివరికి ఊక. ఆమెకి కళ్ళు కనపడటం లేదనో, మిల్లులో ఇంకేమీ మిగల్లేదనో ప్లేయరే ఊహించుకుంటాడు. బెల్టు దగ్గర అదే కంచం ఇంకోటి, సగం తిన్న అన్నం ఎండిపోయి అతుక్కుని ఉంటుంది. పిల్లాడు అన్నం మధ్యలో లేచి వెళ్ళాడని ఎవరూ చెప్పక్కర్లేదు.

కంచం ముందు ప్లేయర్‌ని కూర్చోబెట్టి, తినడమా పారిపోవడమా అన్నది వాడికే వదిలెయ్. తింటే ఏమవుతుందో నువ్వు ఆలోచించు. నాకూ ఒక ఊహ ఉంది కానీ చెప్పను, నీ కథ నాదైపోతుంది.

ఇంకోటి. ముప్ఫై ఎనిమిది పేజీలు రాశావు, ఎక్కడా ఆ పిల్లాడికి పేరు లేదు. అంతటా 'కొడుకు', 'పిల్లవాడు' అనే ఉంది. బళ్ళో రాయించిన పేరు నాకొద్దు. అన్నానికి వేళైనప్పుడు గుమ్మంలో నిలబడి ఆమె వాణ్ణి ఏమని కేకేసేదో అది రాసి పంపు.

అక్క